డిప్రెషన్ మందు: మొదటి మాత్ర నుంచి చివరి మాత్ర దాకా

డాక్టర్ మందు రాశారు. పది రోజులు వేసుకున్నారు. మనసు ఎక్కడిదక్కడే ఉంది, పైగా కడుపులో తిప్పుతోంది. "ఇది నాకు పడలేదు" అని మానేశారు. ఇంకొకరికి రెండు నెలల్లో బాగా తేలికపడింది. "ఇంకేం, బాగానే ఉన్నాను కదా" అని ఒక్కరోజులో ఆపేశారు. మూడో రోజుకల్లా తల తిరగడం, పట్టరాని చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు ఝలక్కులు. ఇద్దరి విషయంలోనూ తప్పు మందుది కాదు. అది ఎలా నడుస్తుందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే.

ఈ మందులతో చిక్కులు ముఖ్యంగా మూడు చోట్ల వస్తాయి: మొదలుపెట్టిన తొలి వారాల్లో, మధ్యలో వేరే మందు వచ్చి కలిసినప్పుడు, మానేటప్పుడు. ఆ మూడు చోట్లా కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మిగతావి తొందరగానే దాటేయొచ్చు. మందు ఎంచడం, డోసు మార్చడం డాక్టర్ పని. ఆ పని సరిగ్గా జరగాలంటే మీరు చెప్పాల్సినవి, అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

1. మీ చేతిలో ఉన్న మందు ఏదో తెలుసుకోండి

అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ చిన్న అక్షరాల పేరు. ఒకే మందును ఇద్దరు డాక్టర్లు రెండు కంపెనీల పేర్లతో రాస్తే, తెలియకుండానే డబుల్ డోసు వేసుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఎక్కువగా మొదట రాసేవి ఎస్ఎస్ఆర్ఐ రకం, అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవి: సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లుయాక్సెటిన్, పారాక్సెటిన్, సిటలోప్రామ్, ఫ్లువోక్సమిన్. వీటికి దగ్గరి బంధువులు వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్. పాత తరానివి అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ లాంటి ట్రైసైక్లిక్‌లు. మిర్టాజపిన్, బుప్రోపియాన్, ట్రాజొడోన్ ఎవరి దారి వాళ్లదే అన్నట్టు విడిగా పనిచేస్తాయి.

ఇక్కడ రెండు సంగతులు. మొదటిది, ఈ మందులు డిప్రెషన్‌కే ఇస్తారనుకోకండి. నరాల నొప్పికి డులాక్సెటిన్, మైగ్రేన్ రాకుండా అమిట్రిప్టిలిన్ కూడా రాస్తారు. అంటే మీరు ఇప్పటికే వీటిలో ఒకటి వాడుతూ ఉండొచ్చు. రెండోది, డిప్రెషన్ మందుతో పాటు ఆల్‌ప్రజొలామ్, క్లోనజెపామ్ లాంటివి రాస్తే అవి వేరే జాతి. గంటలోనే టెన్షన్ తగ్గిస్తాయి, అందుకే జనానికి నచ్చుతాయి. కానీ వారాల తరబడి వాడితే అలవాటైపోతాయి. అలాంటిది చీటీలో కనిపిస్తే "ఇది ఎన్ని రోజులు?" అని అప్పుడే అడగండి. తారీఖు చెప్పించుకుని చీటీ మీదే రాయించుకుంటే ఇంకా మంచిది.

2. చీటీ రాసేలోపే చెప్పేయాల్సినవి

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, చాలామంది చెప్పనిది: గతంలో ఎప్పుడైనా మనసు విపరీతంగా హుషారుగా ఉన్న రోజులు వచ్చాయా? రెండు మూడు గంటల నిద్రతో సరిపోవడం, ఆగకుండా మాట్లాడటం, డబ్బు ఇష్టం వచ్చినట్టు ఖర్చుపెట్టడం, తనకు సాధ్యం కానిది లేదనిపించడం, అదీ రోజుల తరబడి. దిగులుతో డాక్టర్ దగ్గరికి వచ్చిన మనిషికి ఆ పాత హుషారు జబ్బులా కనిపించదు, మంచి రోజుల్లాగే గుర్తుంటుంది. కానీ అది బైపోలార్ (దిగులు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు) అయితే, డిప్రెషన్ మందు ఒక్కటే ఇవ్వడం వల్ల మనసు ఒక్కసారిగా ఆ వైపుకి ఎగబాకవచ్చు. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉన్నా చెప్పండి.

మిగతావి: ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, షాపులో చీటీ లేకుండా కొనుక్కునేవి, మూలికల పొడులు కూడా. గుండె జబ్బు, మూర్ఛ, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), కాలేయం, కిడ్నీ సమస్యలు, కడుపులో పుండు లేదా రక్తస్రావం. మూర్ఛ ఉన్నవాళ్లకు బుప్రోపియాన్ పనికిరాదు, గుండె లయ తేడాగా ఉన్నవాళ్లకు ట్రైసైక్లిక్‌లు, సిటలోప్రామ్ విషయంలో జాగ్రత్త కావాలి. గర్భం, బిడ్డకు పాలివ్వడం, త్వరలో పిల్లల కోసం ప్రయత్నించాలనే ఆలోచన ఉన్నా చెప్పాలి. మద్యం ఎంత తాగుతారో నిజం చెప్పండి. ఇంతకుముందు మీకో, మీ తోబుట్టువులకో ఏదైనా డిప్రెషన్ మందు బాగా పనిచేసి ఉంటే ఆ పేరు డాక్టర్‌కు ఉపయోగపడుతుంది.

చచ్చిపోవాలనిపిస్తోందా అని డాక్టర్ అడిగితే దాచొద్దు. అడగకపోయినా చెప్పండి. ఆ జవాబును బట్టే మందు ఎంపిక, ఒకేసారి ఎన్ని మాత్రలు ఇవ్వాలన్న నిర్ణయం మారతాయి. ట్రైసైక్లిక్‌లు ఎక్కువ మోతాదులో గుండెకు చాలా ప్రమాదం కాబట్టి, అలాంటి ఆలోచనలున్నప్పుడు డాక్టర్లు వాటి జోలికి సాధారణంగా వెళ్లరు.

3. రోజూ వేసుకునే పద్ధతి

ఉదయమా, రాత్రా అన్నది మందు గుణాన్ని బట్టి. ఫ్లుయాక్సెటిన్ హుషారు చేస్తుంది కాబట్టి ఎక్కువగా ఉదయం. మిర్టాజపిన్, అమిట్రిప్టిలిన్, ట్రాజొడోన్ నిద్ర తెప్పిస్తాయి కాబట్టి రాత్రి. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ ఎప్పుడైనా ఫర్వాలేదు. నిద్ర చెడితే పొద్దున్నకి, మత్తుగా ఉంటే రాత్రికి మార్చుకోవచ్చు. మార్చేముందు డాక్టర్‌కు ఒక మాట చెప్పండి. ఒకసారి వేళ కుదిరాక మాత్రం దాన్నే పట్టుకోండి.

కడుపులో తిప్పుతుంటే ఏదైనా తిన్నాక వేసుకోండి. నెమ్మదిగా విడుదలయ్యే వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్ క్యాప్సూళ్లను నమలకూడదు, లోపలి పూసలను నూరకూడదు. అలా చేస్తే రోజంతా విడుదల కావాల్సిన వెన్లాఫాక్సిన్ ఒక్కసారే లోపలికి పోతుంది, డులాక్సెటిన్‌ను కడుపులోని ఆమ్లం పాడుచేస్తుంది.

ఒక పూట మరిచిపోతే? గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాటి మాత్ర వేళ దగ్గరపడితే వదిలేయండి. రెండూ కలిపి మాత్రం వేసుకోవద్దు. నాలుగు రోజులకోసారి మరిచిపోయే మనిషైతే తనను తాను తిట్టుకోవడం దండగ. వారం రోజుల గళ్లున్న మందుల డబ్బా కొనుక్కుని, పళ్లు తోముకునే చోట పెట్టుకుంటే సరి. పొద్దున వేసుకున్నానా లేదా అన్న అనుమానం కూడా తీరుతుంది.

4. తొలి నెల

మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లోనే మెదడులో రసాయనాల లెక్క మారుతుంది. కానీ ఆ మార్పుకు మెదడు కణాలు సర్దుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే సైడ్ ఎఫెక్ట్స్ మొదటి రోజే తలుపు తడతాయి, మేలు మాత్రం తీరిగ్గా వస్తుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో కొంత తేడా కనిపించాలి, పూర్తి ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు.

మేలు వచ్చే వరుస కూడా తెలుసుకోవాలి. నిద్ర, ఆకలి, ఒంట్లో ఓపిక ముందు తిరిగొస్తాయి. దిగులు, "నేనెందుకూ పనికిరాను" అన్న ఆలోచన ఆ తరువాత ఎప్పుడో వదులుతాయి. సాధారణంగా మీ కంటే ముందు ఇంట్లోవాళ్లు గమనిస్తారు: "ఈమధ్య కాస్త మాట్లాడుతున్నావు" అని.

ఈ వరుసలోనే ఒక ప్రమాదం దాగుంది. ఓపిక తిరిగొచ్చింది, నిరాశ ఇంకా పోలేదు. చనిపోవాలన్న ఆలోచన ఉన్నా లేవలేని మనిషి ఇప్పుడు లేవగలడు. దీనికి తోడు, కొందరిలో మొదటి రోజుల్లో మందే ఒక రకమైన అశాంతి తెస్తుంది: కూర్చోలేరు, నిలబడలేరు, లోపల ఏదో కుతకుతలాడుతున్నట్టు ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లలు, టీనేజర్ల విషయంలో ఈ మందుల మీద అతి కఠినమైన హెచ్చరిక పెట్టింది. వాళ్లు పరిశీలించిన ట్రయల్స్‌లో ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రయత్నాలు మందు వేసుకున్నవాళ్లలో సుమారు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 2 శాతం. ఆ ట్రయల్స్‌లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వరకు పొడిగించారు. 65 దాటినవాళ్లలో మాత్రం మందు వల్ల ఆ ముప్పు తగ్గినట్టే కనిపించింది. ఈ లెక్కలు చూసి భయపడి వైద్యం మానేయమని ఎవరూ చెప్పడం లేదు. వైద్యం అందని డిప్రెషన్‌ కూడా ప్రాణాంతకమే. తొలి వారాల్లో, డోసు మార్చిన ప్రతిసారీ, ఒంటరిగా ఉండొద్దన్నదే దీని అర్థం.

కాబట్టి మొదటి మాత్ర వేసుకునే రోజే మీరు నమ్మే ఒక మనిషికి ఈ సంగతి చెప్పండి. కొత్తగా చిరాకు, నిద్ర పూర్తిగా పోవడం, కాలు నిలవనివ్వని అశాంతి, వీడ్కోలు చెబుతున్నట్టు మాటలు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయాలని వాళ్లకు ముందే తెలిసి ఉండాలి. ఇంట్లో మాత్రలు రెండు వారాలకు సరిపడా మాత్రమే ఉంచి, డబ్బా ఆ మనిషి దగ్గరే పెట్టండి. చనిపోవాలన్న ఆలోచన బలంగా వచ్చినా, ఎలా అన్న ఆలోచన దాకా వెళ్లినా, తరువాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. దగ్గరున్నవాళ్లను పిలవండి, మీరున్న చోటి అత్యవసర నంబరుకో, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి, లేదా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మామూలు ఇబ్బందులు. వికారం, తలనొప్పి, విరేచనాలు, చెమటలు, చేతుల వణుకు, నిద్ర తేడాలు. ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. మరీ సతాయిస్తుంటే సగం డోసుతో మొదలుపెట్టి వారం తరువాత పెంచడం డాక్టర్లకు మామూలే. మానేయడం కంటే అలా అడగడం నయం. ముందే బాగా కంగారు పడే స్వభావం ఉన్నవాళ్లకు తొలి రోజుల్లో ఆ కంగారు కాస్త పెరగవచ్చు. వాళ్లకు చిన్న డోసుతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం కూడా. ట్రైసైక్లిక్‌లతో నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం సరిగా రాకపోవడం, లేవగానే కళ్లు తిరగడం ఉంటాయి. మంచం మీద నుంచి లేచేటప్పుడు ఒక్క నిమిషం కూర్చుని లేవండి. మందు మీ మీద ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా బండి నడపొద్దు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని వారానికోసారి నాలుగు మాటలు రాయండి: నిద్ర ఎన్ని గంటలు, ఆకలి, పని మీద ధ్యాస, ఇబ్బంది పెట్టినవి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది. గత రెండు వారాల పరిస్థితికి 0 నుంచి 27 దాకా మార్కు వస్తుంది, ఎక్కువ వస్తే డిప్రెషన్ ఎక్కువని. రెండు వారాలకోసారి నింపి తేదీ వేసి దాచండి. దిగులుగా ఉన్న మనసుకు నిన్నటి మంచి రోజు కూడా గుర్తుండదు, కాగితానికి గుర్తుంటుంది. 18 నుంచి 13కి వచ్చిందంటే మీకు తెలియకపోయినా మందు కదలడం మొదలుపెట్టినట్టే.

5. కలవకూడని మందులు

ఎక్కువగా ఇది మానసిక వైద్యుడి దగ్గర జరగదు. ఎముకల డాక్టర్ దగ్గర, పళ్ల డాక్టర్ దగ్గర, దగ్గుకి షాపులో సిరప్ కొనుక్కునేటప్పుడు జరుగుతుంది.

నొప్పి మాత్రలతో మొదలుపెడదాం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి ఎస్ఎస్ఆర్ఐలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టేందుకు ప్లేట్‌లెట్లు కూడా సెరటోనిన్‌ను వాడుకుంటాయి, ఈ మందులు వాటికి ఆ సరఫరాను తగ్గిస్తాయి. ఒంటి నొప్పులకు, జ్వరానికి పారాసెటమాల్ ఈ విషయంలో మేలు. గుండె కోసం ఆస్పిరినో, క్లోపిడోగ్రెలో, వార్ఫరినో వాడుతుంటే వాటిని మీరే ఆపొద్దు. కడుపుకి రక్షణగా ఇంకో మందు కావాలేమో డాక్టర్‌ను అడగండి. అలా ఇచ్చే ఒమెప్రజోల్ ఎస్సిటలోప్రామ్, సిటలోప్రామ్‌లను రక్తంలో పెంచుతుంది కాబట్టి ఆ డాక్టర్‌కు మీ డిప్రెషన్ మందు పేరు తెలియాలి. మలం నల్లగా తారులా వస్తే ఆలస్యం చేయొద్దు.

రెండోది సెరటోనిన్ సిండ్రోమ్. సెరటోనిన్‌ను పెంచే రెండు మూడు మందులు ఒకేసారి పడితే వస్తుంది. గట్టి నొప్పికి ఇచ్చే ట్రమడాల్, పొడి దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్ట్రోమెథార్ఫన్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక ఈ జాబితాలోవే. ఎంఏఓఐ రకం పాత డిప్రెషన్ మందులతో కలయిక అన్నిటికంటే ప్రమాదం. ఒకటి మానాక ఇంకొకటి మొదలుపెట్టడానికి సాధారణంగా రెండు వారాల విరామం, మానింది ఫ్లుయాక్సెటిన్ అయితే ఐదు వారాలు ఉండాలి. ఫ్లుయాక్సెటిన్ ఒంట్లోంచి అంత నెమ్మదిగా పోతుంది మరి.

రొమ్ము క్యాన్సర్‌కు టమాక్సిఫెన్ వాడేవాళ్లు పారాక్సెటిన్, ఫ్లుయాక్సెటిన్‌లకు దూరంగా ఉండాలి. టమాక్సిఫెన్ పనిచేసే రూపంలోకి మారకుండా ఇవి అడ్డుపడతాయి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడే పెద్దవాళ్లలో రక్తంలో సోడియం పడిపోవచ్చు. తలనొప్పి, తికమక, తూలి పడటం కనిపిస్తే అది వయసు వల్ల అనుకుని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించాలి. మొదటి నెలలో ఒకసారి సోడియం చూడమని మీరే అడగొచ్చు.

మద్యం మత్తును పెంచుతుంది, డిప్రెషన్‌ను లోతు చేస్తుంది. తాగే అలవాటు రోజూ ఉంటే ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే, డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకోవాలి.

పర్సులో ఒక చిన్న కాగితం పెట్టుకోండి: మందు అసలు పేరు, డోసు, ఎప్పటి నుంచి, రాసిన డాక్టర్ ఫోను. ఏ కొత్త మందు తీసుకున్నా ఆ కాగితం ముందు తీసి చూపించండి. సిగ్గుపడి చూపించకపోవడం వల్ల జరిగే నష్టం ఆ సిగ్గు కంటే చాలా పెద్దది.

6. ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి

కొత్త మందు కలిసిన కొద్ది గంటల్లో ఒళ్లు వణకడం, కండరాలు బిగుసుకోవడం లేదా ఎగిరెగిరి పడటం, విపరీతమైన చెమట, జ్వరం, గుండె దడ, తికమక: ఇది సెరటోనిన్ సిండ్రోమ్ కావచ్చు. కంటిలో తీవ్రమైన నొప్పితో చూపు మసకబారడం, ఫిట్స్, స్పృహ తప్పడం, ఒళ్లంతా దద్దుర్లతో ముఖం వాయడం, రక్తపు వాంతి కూడా ఆగే విషయాలు కావు. ఎవరైనా మాత్రలు ఎక్కువ మింగారని తెలిస్తే, మనిషి బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఖాళీ అట్టలు కూడా వెంట తీసుకెళ్లండి.

రోజుల తరబడి నిద్ర లేకుండానే హుషారు ఉప్పొంగుతుంటే అది కోలుకోవడం కాదు. అదే రోజు డాక్టర్‌కు చెప్పండి.

7. పని చేయకపోతే

నాలుగు వారాలు క్రమంగా వేసుకున్నా ఇసుమంత కూడా తేడా లేకపోతే డాక్టర్ డోసు పెంచుతారు, లేదా మందు మారుస్తారు. మొదటి మందే అందరికీ కుదరదు. 2006లో ఫలితాలు వచ్చిన స్టార్-డీ అనే పెద్ద అమెరికన్ అధ్యయనంలో మొదటి మందుతో డిప్రెషన్ పూర్తిగా తగ్గింది సుమారు మూడోవంతు మందికే. రెండో మందుకు వెళ్లడం ఓటమి కాదు, వైద్యంలో మామూలు దశ. అయితే మార్చే ముందు నిజంగా రోజూ వేసుకున్నారా, థైరాయిడ్ చూశారా, మద్యం మాటేమిటి అన్న ప్రశ్నలకు జవాబు ఉండాలి. మాటలతో చేసే చికిత్స తోడైతే మందు ఒక్కటే వాడిన దానికంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

8. నెలలు గడిచాక

కొన్ని సైడ్ ఎఫెక్ట్స్ తొలి వారాల్లో పోవు. వాటిలో జనం నోరు విప్పనిది లైంగిక ఇబ్బంది: కోరిక తగ్గడం, భావప్రాప్తి ఆలస్యం కావడం. ఎస్ఎస్ఆర్ఐలతో ఇది చాలా మామూలు. చాలామంది ఈ మాట చెప్పలేకే మందు గుట్టుగా మానేస్తారు. డాక్టర్‌కు చెబితే డోసు తగ్గించడం, బుప్రోపియాన్ లేదా మిర్టాజపిన్‌కు మార్చడం లాంటి దారులున్నాయి. మిర్టాజపిన్‌తో బరువు పెరగవచ్చు, నెలకోసారి తూకం చూసుకోండి. కొందరికి దిగులుతో పాటు సంతోషం కూడా మొద్దుబారినట్టు ఉంటుంది. అది కూడా చెప్పాల్సిన విషయమే, డోసు ఎక్కువైందేమో చూస్తారు.

గర్భం వచ్చిందని తెలియగానే భయంతో మందు ఆపొద్దు. తిరగబెట్టిన డిప్రెషన్ తల్లికీ బిడ్డకీ మంచిది కాదు. పారాక్సెటిన్ అయితే సాధారణంగా మార్చాలని చూస్తారు. పాలిచ్చే తల్లులకు సెర్ట్రలిన్ ఎక్కువగా ఎంచుకుంటారు.

9. మానడం

బాగైన రోజు మానే రోజు కాదు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లు పూర్తిగా కోలుకున్నాక కనీసం ఆరు నెలలు అదే డోసు కొనసాగించాలి. మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లకు రెండేళ్లు, ఇంకా ఎక్కువ కూడా చెబుతారు.

"ఇవి అలవాటైపోతాయా?" అని అడుగుతుంటారు. మద్యంలాగా రోజురోజుకీ డోసు పెంచమనిపించదు, ఆశ పెట్టదు. కానీ ఒళ్లు వాటికి సర్దుకుంటుంది, హఠాత్తుగా తీసేస్తే గొడవ చేస్తుంది. ఈ రెండూ నిజమే. రెండోదాన్ని దాచి మొదటిదే చెప్పడం వల్ల జనం మోసపోయినట్టు భావిస్తారు. ఒంట్లోంచి త్వరగా పోయే పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఈ గొడవ ఎక్కువ. నెమ్మదిగా పోయే ఫ్లుయాక్సెటిన్‌తో తక్కువ.

డోసు తగ్గించడంలో ఒక కిటుకు ఉంది. సిటలోప్రామ్ 20 మి.గ్రా. వేసుకుంటే మెదడులో అది పట్టుకోవాల్సిన చోట్లలో సుమారు 80 శాతం పట్టుకుంటుంది. 5 మి.గ్రా.కు దిగినా ఇంకా 60 శాతం దగ్గరే ఉంటుంది. అంటే 20 నుంచి 5 దాకా దిగడం చిన్న మెట్టు, 5 నుంచి సున్నాకు దిగడం పెద్ద దూకు. అందుకే సగం మాత్ర దాకా హాయిగా వచ్చినవాళ్లు చివరి ముక్క దగ్గర ఇబ్బంది పడతారు. కిందికి వచ్చేకొద్దీ మెట్లు చిన్నవి చేయాలి, ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. అంత చిన్న ముక్కలు కోయలేరు కాబట్టి ద్రవ రూపంలో దొరికే మందు గురించి డాక్టర్‌ను అడగండి. రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం తగ్గించే పద్ధతి కాదు. ఒంట్లో మందు రోజూ పైకీ కిందికీ ఊగుతుంది.

తగ్గించాక ఇబ్బంది వస్తే అది మందు పోయినందుకా, జబ్బు తిరిగొచ్చినందుకా? రెండు మూడు రోజుల్లో మొదలై, తల తిరగడం, తలలో కరెంటు ఝలక్కులు, వింత కలలు ఉండి, మందు మళ్లీ వేసుకోగానే తగ్గితే అది మందు పోయిన ప్రభావం. వెనక్కి ఒక మెట్టు ఎక్కి, ఈసారి ఇంకా నెమ్మదిగా దిగాలి. వారాల తరువాత మెల్లగా నిద్ర చెడి, పాత దిగులు పాత మాటలతోనే తిరిగొస్తే అది జబ్బు. నోట్‌బుక్ ఇప్పుడు పనికొస్తుంది, మొదటి పేజీలు తిప్పి చూస్తే పోలిక దొరుకుతుంది.

పెద్ద పరీక్షలు, ఉద్యోగం మారడం, ఇల్లు మారడం ఉన్న నెలల్లో తగ్గించడం మొదలుపెట్టొద్దు. చివరి మాత్ర అయ్యాక ఇంకో ఆరు నెలలు నెలకోసారి ఆ తొమ్మిది ప్రశ్నల ఫారం నింపుతూ ఉండండి. మిగిలిపోయిన మాత్రలను ఫార్మసీకి తిరిగి ఇవ్వండి. "నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో" అని ఇంకొకరికి ఇవ్వకండి. మీకు పనిచేసిన మందు పేరు, డోసు రాసిన కాగితం మాత్రం పర్సులోంచి తీసి భద్రంగా దాచుకోండి.